రెండో వైపు, నాలుగో పాట

అట్ట మీద మా చెల్లి వేసుకున్న నీలం కోటు నాది.
మూడో గుండీ ఉండదు, చూడండి.
కారు బంపర్ మీద కూర్చుని ఎటో చూస్తోంది
గాలికి జుట్టు నోట్లోకి పోతున్నా తీసుకోకుండా.
కోటు నేనిచ్చాను.
మిగతావి తనే తీసుకుంది.

మొదటి పాటలో చల్లారిన కాఫీ పట్టుకుని
కిటికీ దగ్గర నిలబడ్డది నేను.
రెండో పాటలో, జీతాల రోజు రాత్రి
తలుపు పడిన చప్పుడుని బట్టి
మొగుడు ఎంత తాగాడో లెక్కగట్టేదీ నేనే.
మూడోది అమ్మది.
ఆరేసిన దుప్పట్ల మీద గని మసి రాలితే
మళ్ళీ ఉతికి, మళ్ళీ ఆరేసి
పల్లెత్తు మాట అనని అమ్మది.
రేడియోలో అది విని
"నాకంత గొంతెక్కడిదే ఇమోజీన్" అంది.
మెచ్చుకుందో నొచ్చుకుందో ఇప్పటికీ తేలలేదు.

నోవెల్లా నోట్లో నువ్వుగింజ నానదని
మా కొండ వాగు పొడుగునా అందరికీ తెలుసు.
తెలిసీ చెప్పాను.
వెనక మెట్ల మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ
ఒక ఆగస్టు సాయంత్రం, మొహం చూడకుండా.
మార్చిలో పుట్టిన పిల్ల.
పదకొండు రోజులు.
రాయి మీద పేరు చెక్కిస్తే అక్షరానికింత అవుతుందని
బెర్ల్ ఒట్టి రాయే పాతాడు.
పేరు నేను లోపల పెట్టుకున్నాను.
అది తన చెవిన వేశాను, ఒకేఒక్కసారి,
కాయ విరిగిన చప్పుడంత.

రెండేళ్ళకి రికార్డు పోస్టులో వచ్చింది.
ఉత్తరం లేదు. సంతకం మాత్రం ఉంది,
ఎవరో అభిమానికి చేసినట్టు.
రెండో వైపు, నాలుగో పాట.
ముందు స్టీలు గిటారు,
తడి వేలు అద్దం మీద నెమ్మదిగా కిందికి జారినట్టు.
తర్వాత తను.
రెండు పంక్తులు. మూడోదాంట్లో ఆ పేరు.

సూది ఎత్తేశాను.
కుట్టుపెట్టెలో కత్తెర తీసి
ఆ పాట వెడల్పునా గీశాను,
చేపకి పొలుసు తీసినట్టు, తొందరేం లేకుండా.
అప్పట్నుంచి మా ఇంట్లో రెండో వైపు నాలుగే పాటలు.
అక్కడికి రాగానే సూది గంతేసి
అయిదోదాంట్లో పడుతుంది,
ఏ మెట్టు విరిగిందో తెలిసిన కాలులా.

ఏడేళ్ళు పలకలేదు తనతో.
తర్వాత పలికాను.
మంచు గురించి, మోకాళ్ళ గురించి, అమ్మ పెనం ఎవరి దగ్గరుందని.
ఆ పాట నేనెత్తలేదు. తనూ ఎత్తలేదు.
పోయిన అక్టోబర్లో టెన్నెసీలో పూడ్చారు.
పూలు చాలా వచ్చాయి.

మంగళవారం టైర్ల కొట్లో ఉన్నాను.
బండి జాకీ మీద ఉంది, ఎక్కడికి పోతాను?
రేడియోలో గిటారు మొదలవగానే
కుర్రాడు చేతులు తుడుచుకుని సౌండు పెంచాడు,
"మా బామ్మ ఈ పాటకి ఏడ్చేదండీ."
మొదటి పంక్తి.
రెండోది.
ఆ పేరు, టైర్ల రబ్బరు వాసనలో.

తర్వాత నేనెప్పుడూ వినని చోటు.

పిల్ల గురించి ఇంకేమీ లేదు అందులో.
ఒక చెల్లెలుంది.
మార్చి బురదలో ముప్ఫై మైళ్ళు వచ్చింది,
ఒళ్ళో గిన్నెడు సూపు, గుడ్డ కట్టి.
తలుపు దాకా వచ్చింది.
లోపల ఉయ్యాల బల్ల కిర్రుమంటోంది,
ఖాళీగా, ఎవరో ఊపుతున్నారు.
తట్టడానికి ఎత్తిన చెయ్యి దించేసింది.
సూపు దారిలో కాలవలో పారబోసింది.
గిన్నె కడిగి దాచింది.
అక్కతో, కారు చెడిపోయిందని చెప్పింది.

అవును, అలాగే చెప్పింది.
నేను నమ్మాను.

ఆ రికార్డు నిండా నేనే ఉన్నానని
యాభై ఏళ్ళు కోపం మోశాను.
తను ఉన్న ఒక్క చోటునీ గీకేశాను.

పాట అయిపోయింది.
ఎరువుల ప్రకటన వచ్చింది.
కుర్రాడు వచ్చి, "టైర్లు రెండా, నాలుగా?" అన్నాడు.
గొంతు రాలేదు.
వేళ్ళు చూపించాను.